మంగళవారం ట్రైనింగ్ ఎందుకు ఆగింది

"హోమ్‌వర్క్ ఎందుకు చేయడం లేదు, ఇల్వా?"

టీచర్ గునిల్లా ఈ మాట కోపంగా అడగలేదు. అక్కడే వచ్చింది చిక్కు. కోపంగా అడిగితే ఏడ్చయినా తప్పించుకోవచ్చు. నెమ్మదిగా అడిగితే జవాబు చెప్పి తీరాలి.

ఆరో తరగతి గదిలో ముగ్గురే ఉన్నారు. గునిల్లా, ఇల్వా, ఇల్వా వాళ్ళ నాన్న తూరె. ఆయన బస్సు డ్రైవరు. డ్యూటీ మధ్యలో వచ్చాడు, యూనిఫాం కూడా మార్చుకోలేదు. బల్ల మీద లెక్కల పరీక్ష పేపరు ఉంది. ముప్పైకి తొమ్మిది. మా దగ్గర ఐదో తరగతి దాకా గ్రేడ్లు ఉండవు. ఆరులో, క్రిస్మస్ ముందు, మొట్టమొదటిసారి ఇస్తారు. ఇలాగే ఉంటే ఇల్వాకి లెక్కల్లో ఫెయిల్ అని వస్తుంది.

ఇల్వాకి భిన్నాలు అర్థం కావు. అంతే విషయం. కానీ ఆ మాట నోటి దాకా వచ్చి ఆగిపోయింది. పన్నెండేళ్ళ పిల్ల, అందరూ ఎప్పుడో నేర్చేసుకున్నది తనకి రాదని ఎలా చెబుతుంది?

"ట్రైనింగ్ వల్ల," అంది. "మంగళవారం, గురువారం అడవిలో పరిగెత్తి వచ్చేసరికి ఒళ్ళు పులిసిపోతుంది. పుస్తకం తీస్తే నిద్రొచ్చేస్తుంది."

నాన్న నిట్టూర్చాడు. "ముందే చెప్పచ్చు కదా తల్లీ. సరే, క్రిస్మస్ దాకా ట్రైనింగ్ మానెయ్."

మ్యాపూ దిక్సూచీ పట్టుకుని అడవిలో జెండాలు వెతుక్కుంటూ పరిగెత్తే ఓరియంటీరింగ్ అంటే ఇల్వాకి ప్రాణం. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

గునిల్లా ఏదో రాసుకుంది. "ఇంకో ఇద్దరు కూడా వెనకబడ్డారు. వాళ్ళదీ ఆ క్లబ్బే. ఒకసారి కోచ్ అల్గొట్‌తో మాట్లాడతాను."

"వద్దులే గునిల్లా!" అంది ఇల్వా. టీచర్లని మేం పేరు పెట్టే పిలుస్తాం, ఎవరూ చెవి మెలిపెట్టరు.

"నీ పేరు చెప్పనులే," అంది గునిల్లా, ధైర్యం చెబుతున్నాననుకుని.

తర్వాతి వారం స్వేయా బడి గేటు దగ్గర ఎదురొచ్చింది. ఇల్వాకి ఒకటో తరగతి నుంచీ స్నేహితురాలు. ముఖం కందగడ్డలా ఉంది.

"విన్నావా? మంగళవారం ట్రైనింగ్ తీసేశారు. మన క్లాసు వాళ్ళందరికీ. క్రిస్మస్ దాకా ఒక్క గురువారమే!"

"ఎందుకు?"

"ఆటల వల్ల చదువు పాడవుతోందట! ఎవరో చెప్పారట. నేను బస్సులో కూర్చుని హోమ్‌వర్క్ చేసేస్తా, నాకేం పాడైంది? అల్గొట్‌ని చూస్తే జాలేసింది. టోపీ తీసి చేత్తో పట్టుకుని, 'మిమ్మల్ని మరీ ఎక్కువ పరిగెత్తించానేమో, ఏమనుకోకండి' అన్నాడు. మనతో, ఇల్వా! పిల్లలతో!"

అల్గొట్ ఒకప్పుడు అడవిలో చెట్లు కొట్టే పని చేసేవాడు. ఇప్పుడు రిటైరయ్యాడు. ఏడేళ్ళుగా పైసా తీసుకోకుండా పిల్లలకి మ్యాపు చదవడం నేర్పుతున్నాడు. వానొచ్చినా, మంచు పడ్డా, ముందుగా వెళ్ళి జెండాలు కట్టి వచ్చేది ఆయనే.

"ఎవరు చెప్పారో నీకేమైనా తెలుసా?" అడిగింది స్వేయా.

"తెలీదు," అంది ఇల్వా.

ఒక అబద్ధానికి ఇంకో అబద్ధం తోడు. ఆ రోజు నుంచి ఇల్వా స్వేయా పక్కన కూర్చోలేకపోయింది. ఎక్కడ నోరు జారుతుందోనని భయం. గురువారం బడిలో మధ్యాహ్న భోజనానికి బఠానీ సూప్, పాన్‌కేకులు పెట్టారు. అందరికీ ఇష్టమైన రోజు అది. ఇల్వా కిటికీ పక్కన మూల బల్ల దగ్గర ఒక్కతే తింది. స్వేయా రెండుసార్లు ఇటు చూసింది. మూడోసారి చూడలేదు.

పోనీ, ఆట మానేసింది కదా, లెక్కలు వచ్చేశాయా? అంటే అదీ లేదు. మంగళవారం సాయంత్రం నాలుగింటికి ఇల్వా వంటింటి బల్ల మీద పుస్తకం తెరిచేది. ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ లేదు. నాన్న ఏడింటికి గానీ రాడు. ఇల్వా పెన్సిల్ చెక్కేది. మళ్ళీ చెక్కేది. రెండు మంగళవారాల్లో పెన్సిల్ సగమైంది గానీ లెక్క ఒక్కటీ ముందుకు కదల్లేదు.

తర్వాతి పరీక్షలో ముప్పైకి ఏడు వచ్చాయి.

"ఇప్పుడు టైముంది కదా తల్లీ?" అన్నాడు నాన్న. తిట్టలేదు, అర్థంకాక అడిగాడు.

ఆ మరుసటి మంగళవారం అది పుస్తకం ముందు కూర్చోలేదు. పాత మ్యాపు ఒకటి జేబులో పెట్టుకుని ఒంటరిగా అడవిలోకి వెళ్ళింది. జెండాలు లేవు, అరుపులు లేవు, వెనకాల స్వేయా అడుగుల చప్పుడు లేదు. అడవి ఇంత పెద్దదని ఇల్వాకి అప్పుడే తెలిసింది.

కాసేపటికి దారి తప్పింది.

మొదట ఒప్పుకోలేదు. ఎదురుగా ఒక వాగు కనిపిస్తే, 'మ్యాపులో ఉన్న వాగు ఇదే' అనుకుంది. అది కుడివైపుకి పారాలి, ఎడమవైపుకి పారుతోంది. 'సరేలే, ఇదే అయ్యుంటుంది' అనుకుంది. గుట్ట రావాలి, చిత్తడి నేల వచ్చింది. 'గుట్ట కాస్త ముందుంటుందిలే.' మ్యాపుతో పరిగెత్తే పిల్లలందరూ ఎప్పుడో ఒకప్పుడు చేసే తప్పే ఇది. కళ్ళకి కనబడే అడవిని లాగి లాగి మ్యాపులో ఇరికిస్తారు. బూట్లలోకి నీళ్ళొచ్చాక గానీ ఇల్వా ఆగలేదు.

ఆగాక ఏం చేయాలో దానికి తెలుసు. ముందుకి పోకూడదు. చివరిసారి ఖాయంగా తెలిసిన చోటికి వెనక్కి వెళ్ళాలి. తన అడుగులు చూసుకుంటూ వెనక్కి నడిచింది. ఇరవై నిమిషాలకి పాత రాళ్ళ గోడ మలుపు వచ్చింది. ఇది ఖాయం. గోడ మీద కూర్చుని బూట్లలో నీళ్ళు వంపింది.

అప్పుడు ఏడుపొచ్చింది. దారి దొరికినందుకు కాదు. లెక్కల్లో తనకి ఖాయంగా తెలిసిన చోటు ఏదో తనకే తెలీదు. ఎవరినీ అడగలేదు కూడా. అడగకుండా ఉండడం కోసం అందరి ట్రైనింగూ పోగొట్టింది. స్నేహితురాలినీ పోగొట్టుకుంది.

ఇంటికి వెళ్ళి మంచం కింద పెట్టె లాగింది. పాత వర్క్‌బుక్కులు అందులోనే ఉన్నాయి. ఐదో తరగతిది తీసి చూసింది, లాభం లేదు. నాలుగో తరగతిది తీసింది. పాత జవాబులు చేత్తో మూసి, మొదటి నుంచి ఒక్కో పేజీ మళ్ళీ చేసి చూసింది. వచ్చింది. వచ్చింది. ఇదీ వచ్చింది. నలభై ఒకటో పేజీలో భిన్నాలు మొదలయ్యాయి. అక్కడ ఆగిపోయింది.

విచిత్రం ఏమిటంటే ఆ పేజీలో కూడా జవాబులన్నీ రాసే ఉన్నాయి. అన్నీ రైటే. కానీ ఇల్వాకి గుర్తొచ్చింది. ఆ రోజు తొందరగా బయటికి పోయి ఆడుకోవాలని స్వేయా పుస్తకం చూసి రాసేసింది. ఆ తర్వాత పేజీ కూడా అంతే. ఆ తర్వాతదీ అంతే. అన్నీ రైటే, అన్నీ స్వేయావే.

గురువారం బడి అయ్యాక ఇల్వా నాన్న బస్సెక్కింది. డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. బస్సు నడుస్తుండగా డ్రైవరుతో మాట్లాడకూడదు, అందుకని చివరి స్టాపు దాకా ఆగింది. అందరూ దిగిపోయాక మొత్తం చెప్పేసింది.

నాన్న సీట్లోంచి వెనక్కి తిరిగాడు.

"అంటే ట్రైనింగ్ వల్ల కానే కాదా?"

"కాదు."

"అల్గొట్‌కి చెప్పావా?"

"లేదు."

"నీ ట్రైనింగ్ సంగతి తర్వాత మాట్లాడదాం. ముందు క్లబ్బుకెళ్ళి ఆయనకి చెప్పు. గునిల్లాకి రేపు ఇద్దరం చెబుదాం." తిరుగు ట్రిప్పులో క్లబ్బు దగ్గర బస్సు ఆపాడు.

క్లబ్బు అంటే అడవి అంచున ఒక చెక్క ఇల్లు. మెట్ల మీద పిల్లలు బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. అల్గొట్ మ్యాపులు పంచుతున్నాడు. ఇల్వాని చూసి అందరూ తలెత్తారు.

"మంగళవారం ట్రైనింగ్ నా వల్లే ఆగింది," అంది ఇల్వా. "నాకు భిన్నాలు రావు. నాలుగో తరగతి నుంచీ రావు. అది చెప్పడానికి సిగ్గేసి, ట్రైనింగ్ వల్ల చదవలేకపోతున్నానని గునిల్లాకి అబద్ధం చెప్పాను."

"భలే దానివే!" అన్నాడు కాస్పెర్, అదే క్లాసు పిల్లాడు. "నీకు లెక్కలు రాకపోతే మా కాళ్ళు కట్టేస్తావా?"

ఎవరూ నవ్వలేదు.

అల్గొట్ మ్యాపులు పక్కన పెట్టి మెట్టు మీద కూర్చున్నాడు. "నేను పరిగెత్తించడం వల్ల కాదా?"

"కాదు అల్గొట్."

"రెండు వారాలుగా నాకు సరిగ్గా నిద్ర లేదే పిల్లా," అన్నాడు. "క్లబ్బు వదిలేద్దామనుకున్నాను." కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. "సరే. గునిల్లాకి నేనూ ఫోన్ చేస్తాను. మంగళవారం సంగతి చూద్దాం."

"నేనడిగితే తెలీదన్నావు," అంది స్వేయా.

"అన్నాను."

స్వేయా మ్యాపు తీసుకుని అందరికంటే ముందు అడవిలోకి పరిగెత్తింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మెట్ల మీద ఇల్వా ఒక్కతే మిగిలింది. వెళ్ళిపోదామనుకుంది, కానీ నాన్న బస్సు మళ్ళీ రావడానికి గంట పడుతుంది. సంచిలోంచి నాలుగో తరగతి పుస్తకం తీసింది. నలభై ఒకటో పేజీలో పాత జవాబులన్నీ రబ్బరుతో చెరిపింది. కాగితం అక్కడక్కడా చిరిగింది.

మొదటి ప్రశ్న: ఒక కేకులో మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?

దాన్ని చూస్తూనే కూర్చుంది. కాసేపటికి మోకాళ్ళ దాకా బురదతో స్వేయా వచ్చింది. అందరికంటే ముందు ముగించినట్టుంది. పక్కన కూర్చోలేదు. రెండు మెట్ల పైన కూర్చుని బూట్లు విప్పుకుంది.

"నాలుగో తరగతి పుస్తకమా?"

"ఊఁ."

"నాకింకా కోపం పోలేదు."

"తెలుసు."

స్వేయా పాత అలవాటు కొద్దీ వంగి, పెన్సిల్ అందుకోబోయింది. "ఇలా ఇవ్వు, రెండు నిమిషాల్లో..."

ఇల్వా పుస్తకం చప్పున గుండెకి హత్తుకుంది.

"వద్దు. నన్ను తప్పు చేయనీ."

స్వేయా చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇల్వా రాసింది: నాలుగో వంతు.

"తప్పు," అంది స్వేయా.

ఇల్వా కొట్టేసింది. ఒక గుండ్రం గీసి మూడు ముక్కలు చేసింది. పక్కనే ఇంకో గుండ్రం గీసి నాలుగు ముక్కలు చేసింది. రెండింటినీ చాలాసేపు చూసింది. స్వేయా జవాబు చెప్పలేదు. రెండు మెట్లు దిగి పక్కకి వచ్చి కూర్చుంది, చూడడానికి.