కాటాగారి తప్పుడు తూకం

పొద్దున్న ఏడయ్యేసరికి కాటాగారు వంటింట్లో కుళాయిని నీళ్ళు సన్నటి దారంలా పడేలా తిప్పి, దాని కింద బకెట్టు పెట్టారు. నీళ్ళు అడుగున పడి చప్పుడు చెయ్యకుండా బకెట్టులో ముందే ఒక పాత గుడ్డ వేసి ఉంచారు. అలా అది నిండటానికి ఇరవై నిమిషాలు పడుతుంది. పట్టనీ, ఆయనకి తొందరేముంది. పార్సిల్ ఆఫీసులో ముప్పై నాలుగేళ్ళు తూకం గుమాస్తాగా చేసి రిటైరై ఏడాదిన్నర దాటింది. మూటని చేత్తో ఎత్తి ఇన్ని కిలోలని ఆయన అన్నాక దాన్ని మళ్ళీ తూచడం దండగ అనేవారు అక్కడ. అలా వచ్చిందే ఆ 'కాటా' అనే పేరు. ఇప్పుడు ఆ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కూడా లేరు.

బకెట్టు నిండేలోపు ఆయన మేజోళ్ళ కాళ్ళతో హాల్లోకి వచ్చి కూతురి గది తలుపు చూశారు. పిడికి తువ్వాలు వేలాడుతోంది. వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ తువ్వాలుకి ఒక కథ ఉంది. ఆయన భార్య పోయిన నెలకి కూతురు బ్యాంకు ఉద్యోగం మానేసి, గదిలో కంప్యూటరూ మైకూ పెట్టుకుని, ప్రకటనలకీ పిల్లల కథలకీ నాటకాలకీ సంగీతం కట్టడం మొదలుపెట్టింది. మొదటి రోజే తండ్రికి చెప్పింది. "నాన్నా, పిడికి తువ్వాలు తగిలించి ఉందంటే లోపల రికార్డింగ్ జరుగుతోందని. అప్పుడు కాస్త చప్పుడు కాకుండా చూడు."

కాటాగారు మాట ఇస్తే ఇచ్చినట్టే. ఆ రోజు నుంచీ చెప్పులు గుమ్మం దగ్గరే వదిలేశారు. కూత పెడుతుందని కుక్కర్ని అటక ఎక్కించి గిన్నెలో వండటం నేర్చుకున్నారు. రేడియో మూగబోయింది. దగ్గొస్తే బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకుని దగ్గి వచ్చేవారు. రికార్డింగ్ గంటో రెండు గంటలో ఉంటుందనుకున్నారుగానీ, తువ్వాలు మాత్రం పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉండేది. పాపం ఎంత పనో పిల్లకి, అనుకునేవారు.

ఇల్లాలు ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు చేపల మార్కెట్టులా ఉండేది. ఆవిడ గిన్నె దించితే కింది వాటావాళ్ళకి తెలిసేది. ఇప్పుడు గోడ గడియారం ఒక్కటే నోరున్న ప్రాణి. ఎనిమిది నెలలుగా తండ్రీ కూతుళ్ళు భోజనాల వేళ "కూర వేసుకో", "చాలు నాన్నా" అనుకోవడం తప్ప మాట్లాడుకున్నది లేదు.

దానికి తోడు పోయిన వారం ఇంకొకటి జరిగింది. టీ కప్పు పట్టుకుని ఆయన హాల్లోకి వచ్చేసరికి కూతురు కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది. వెనక మనిషి ఉన్నాడని దానికి తెలియదు.

"ఈ పెద్ద కంప్యూటర్ మోసుకుని ఊళ్ళమ్మట ఎలా తిరగను? తేలికైన లాప్‌టాప్ ఒకటి కొనుక్కుంటే మీ నాటకం బండి నేనూ ఎక్కుతాను. ఐదు నెలలేగా. ఇంట్లో నేను ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే."

కాటాగారు ఆ కప్పుతోనే వంటింట్లోకి తిరిగి వచ్చేశారు. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ఆ మాట ఆయనకి వారం రోజులుగా చేప ముల్లులా గొంతులో ఉండిపోయింది, మింగుడు పడదు, బయటికి రాదు.

ఈ పొద్దున్న బకెట్టు నిండుతుండగా తలుపు తెరుచుకుంది. కూతురు వంటింట్లోకి వచ్చి, అక్కడ నిలబడి ఉన్న తండ్రిని చూసి ఉలిక్కిపడింది.

"పిల్లిలా ఉంటావేంటి నాన్నా. ఇంట్లో ఉన్నావో లేదో కూడా తెలీదు."

"ఏమైందమ్మా?"

"కంప్యూటర్ చచ్చిపోయింది. ఇవాళే లాప్‌టాప్ కొనాలి. నువ్వూ రావా?"

"నాకేం తెలుస్తుంది దాని సంగతి?"

"బరువు తెలుస్తుందిగా. రోజంతా భుజానికి తగిలించుకు తిరగాల్సింది. అట్టపెట్టె మీద వాళ్ళు ఏదో ఒకటి రాస్తారు. నీ చెయ్యి అబద్ధం చెప్పదు."

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. అది హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఆయన కిటికీలోంచి దుకాణాల బోర్డులు చదువుకున్నారు. తేలికైనది దొరికితే పిల్ల వెళ్ళిపోతుంది, దొరక్కపోతే ఉంటుంది. లెక్క అంత తేలిగ్గా ఉంది. దేవుడు తన చేతికిచ్చిన ఒక్క విద్యా ఇవాళ తన కొంపకే ఎసరు పెట్టేలా ఉందని ఆయనకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

దుకాణంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒకావిడ వచ్చి బల్ల మీద మూడు లాప్‌టాప్‌లు పేర్చింది. అమ్మాయి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. తను కట్టిన వాటిల్లో అన్నిటికన్నా బరువైన పాట అందులో ఉంది. డెబ్బై వాయిద్యాలు ఒక్కసారి మోగుతాయి. ఏ యంత్రం దాన్ని తడబడకుండా వాయిస్తే అది గట్టిదన్నమాట.

మొదటిది పలచగా, అట్టముక్కలా ఉంది. పాట సగానికి వచ్చేసరికి నత్తినత్తిగా తెగిపోవడం మొదలుపెట్టింది. రెండోది ఇటుకరాయి. పాట నదురూ బెదురూ లేకుండా నడిచిందిగానీ, లోపలి ఫ్యాను రొద పెట్టింది.

"ఈ మోతంతా మైకులో పడుతుంది," అని అమ్మాయి పెదవి విరిచింది.

మూడోది బూడిద రంగుది. పాట మొదటి నుంచి చివరిదాకా వెళ్ళింది. అమ్మాయి దాని వెనక చెవి పెట్టి చాలాసేపు విని తలెత్తింది. తల్లి పోయాక ఆ మొహంలో అంత వెలుగు కాటాగారు చూడలేదు.

"ఇది సరిపోతుంది. నాన్నా, ఎత్తి చూడు."

ఆయన రెండు అరచేతుల మధ్య పట్టుకుని ఎత్తారు. కిలో మూడు వందలు. ఎత్తీ ఎత్తకముందే చెయ్యి చెప్పేసింది. అప్పుడే పుట్టిన బిడ్డంత బరువు కూడా లేదు.

"రెండున్నర కిలోలు," అన్నారు కాటాగారు.

"అంతుందా?" అమ్మాయి మొహం చిన్నబోయింది.

"పైనే ఉంటుంది. భుజం పడిపోతుంది తల్లీ. అయినా నన్నడిగితే ఆ రెండోది గట్టిది. ఇంట్లో బల్ల మీద పెట్టుకున్నావంటే పదేళ్ళు చూసుకోనక్కర్లేదు. వస్తువంటే కాస్త బరువుండాలి, కూర్చున్నచోట కూర్చోవాలి. ఈ పలచటివి నాలుగు రోజుల ముచ్చట." ఆయనకే ఆశ్చర్యంగా ఉంది. ఎనిమిది నెలల మాటలు ఒక్క విడతలో వచ్చేస్తున్నాయి.

అమ్మాయి బూడిద రంగుదాన్ని నెమ్మదిగా బల్ల మీద పెట్టేసింది. పెట్టె మీద రాసింది చదవనైనా లేదు. తండ్రి చెయ్యి చెప్పిందంటే దానికి అంతే.

కళ్ళజోడు ఆవిడకి మాత్రం ఒళ్ళు మండింది. "బాబాయ్ గారూ, మేం తూకాల్లో మోసం చేసే రకం కాదండీ," అని లోపలికి వెళ్ళి, పెట్టెలు తూచే కాటా తెచ్చి బల్ల మీద పెట్టింది. బూడిద రంగుది దాని మీద ఎక్కింది. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి నిలబడ్డాయి.

కిలో మూడు వందల గ్రాములు.

కాటాగారు ఆ అంకెల వంక చూడలేదు. చూడాల్సిన పనిలేదు కూడా. కూతురు ఆ అంకెల్ని వదిలేసి ఆయన్నే చూస్తోంది.

"ఒక్క నిమిషం అండీ," అని ఆవిడతో చెప్పి, తండ్రి చెయ్యి పట్టుకుని దుకాణం బయటికి తీసుకొచ్చింది. మెట్ల మీద కూర్చోబెట్టి ఎదురుగా నిలబడింది.

"అమ్మ కూడా నీ చేత అబద్ధం తూకం చెప్పించలేకపోయింది. వాళ్ళ అన్నయ్య మూట ఒక్క కిలో తగ్గించమంటే రెండు రోజులు అన్నం మానేశావట. ఎందుకు చెప్పావు నాన్నా?"

ఆయన చొక్కా గుండీ సర్దుకున్నారు.

"ఇదిగో, మళ్ళీ మూగనోము. నాతో మాట్లాడటం అంత కష్టంగా ఉందా నీకు?"

"తేలికది కొంటే వెళ్ళిపోతావు," అన్నారు కాటాగారు, మెట్లని చూస్తూ. "ఫోన్లో చెబుతుంటే విన్నాను. ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే అన్నావు."

అమ్మాయి ఆయన వైపు ఇంకో అడుగు వేసింది. "మరి ఒకటే కాదా? నువ్వు ఒక్కడివే అయిపోతావని ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చున్నాను. నువ్వేమో నన్ను చూస్తే చాలు వెనక్కి తిరిగి వెళ్ళిపోతావు. తలుపు తీసేసరికి నీ వీపే కనిపిస్తుంది. రేడియో పెట్టవు, కుక్కర్ పెట్టవు, దగ్గాలన్నా బాల్కనీలోకి పోతావు. అమ్మ పోయాక నా మొహం చూడబుద్ధి కావట్లేదేమో అనుకున్నాను."

"అదేంటమ్మా," కాటాగారు తెల్లబోయారు. "తువ్వాలు ఉంటుందిగా."

"ఏ తువ్వాలు?"

"తలుపు పిడికి. చప్పుడు చెయ్యొద్దన్నావు."

అమ్మాయికి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక మెట్టు మీద ఆయన పక్కన కూలబడింది.

"నాన్నా, అది నేను స్నానం చేసి ఆరేసుకునే తువ్వాలు."

ఆయన తలెత్తి చూశారు.

"బాల్కనీ దాకా వెళ్ళడానికి బద్ధకమేసి పిడికి తగిలిస్తాను. ఆ మాట చెప్పిన సంగతే మర్చిపోయాను. మైకులో రికార్డింగ్ నెలకి రెండుసార్లుంటే గొప్ప. మిగతా అంతా చెవుల్లో హెడ్‌ఫోన్సే. నువ్వు ఇంట్లో డప్పు కొట్టినా నాకు వినపడదు." చెప్తూ చెప్తూ నవ్వబోయింది. నవ్వు రాలేదు. "ఎనిమిది నెలలు. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలాగే ఉన్నావా?"

"నీ పనికి అడ్డమని."

అది ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చింది. మెట్లెక్కేవాళ్ళు పక్కకి తప్పుకుని పోతున్నారు. కాటాగారికి కూతురి తల బరువు తెలుస్తోంది. దాన్ని ఎవరికీ చెప్పాల్సిన అవసరం ఆయనకి కనబడలేదు.

"నేను వెళ్ళనులే నాన్నా," అంది కాసేపటికి. "వాళ్ళకి ఫోన్ చేసి చెప్పేస్తాను."

ఆ మాట కోసమే కదా ఇంత పని చేసింది. తీరా అది చేతికొచ్చాక కాటాగారికి దాన్ని పుచ్చుకోబుద్ధి కాలేదు. దుకాణంలో, బూడిద రంగుదాని వెనక చెవి పెట్టి తలెత్తినప్పటి మొహం గుర్తొచ్చింది.

"మా ఆఫీసులో ఒకటి చూసేవాణ్ణి," అన్నారు. "బరువైన పార్సిలు ఒకసారి ఊరు దాటిందంటే మరి తిరిగి వచ్చేది కాదు. వెనక్కి మోసేదెవడు? తేలికవే అటూ ఇటూ తిరిగేవి. ఆ ఇటుకరాయి కొన్నావనుకో, ఎక్కడ పెడితే అక్కడే నీ కాపురం. ఆ బూడిద రంగుది తీసుకో. వెళ్ళడానికి తేలికైంది ఇంటికి రావడానికీ తేలికే."

"ఆదివారాలు వస్తాను."

"రాలేని ఆదివారం రాకు. ఫోన్ చెయ్యి. చేసినప్పుడు మాత్రం మాట్లాడు, నేనూ మాట్లాడతాను." లేచి నిలబడి పంట్లాం దులుపుకున్నారు. "ముందు లోపలికి పద. ఆవిడకి క్షమాపణ చెప్పాలి. కాటా ముందు ఇంత పరువు పోవడం నా జన్మలో ఇదే."

కళ్ళజోడు ఆవిడ క్షమాపణ తీసుకుంది. లాప్‌టాప్ పెట్టుకునే సంచీ ఒకటి ఊరికే ఇచ్చింది. కాటాగారు దాన్ని చేత్తో ఎత్తి, "నాలుగు వందల గ్రాములు," అన్నారు. ఈసారి ఎవరూ తూచలేదు.

సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మాయి చేసిన మొదటి పని పిడి మీది తువ్వాలు తీసుకెళ్ళి బాల్కనీలో తీగ మీద ఆరెయ్యడం. తర్వాత కొత్త లాప్‌టాప్ తెచ్చి గదిలో కాకుండా వంటింటి బల్ల మీద పెట్టుకుంది. హెడ్‌ఫోన్స్ మెడలో వేలాడేసుకుని, చెవులు ఖాళీగా ఉంచుకుంది. పై సోమవారం నాటకం బండి బయలుదేరుతుంది. ఇంకా ఎనిమిది రోజులున్నాయి. ఆ తర్వాత ఈ బల్లా ఈ కుర్చీలూ మళ్ళీ ఆయనవే. అది ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు.

కాటాగారు బకెట్టు తెచ్చి కుళాయి కింద పెట్టారు. అడుగున పాత గుడ్డ వేశారు. కుళాయిని సన్నటి దారంలా తిప్పారు. అలవాటైన చెయ్యి.

అమ్మాయి లేచి వచ్చి బకెట్టులోంచి గుడ్డ తీసేసింది. ఆయన చేతి మీద చెయ్యి వేసి కుళాయి పూర్తిగా తిప్పింది. నీళ్ళు భళ్ళున బకెట్టులో పడ్డాయి. ఆ మోతకి వంటిల్లంతా దద్దరిల్లింది. సరిగ్గా ఇల్లాలు ఉన్నప్పుడు రోజూ పొద్దున్నే వినిపించిన మోత.

కాటాగారు గట్టు పట్టుకుని నిలబడ్డారు. మొదట దగ్గు అనుకున్నారు. దగ్గు కాదు. భార్య పోయిన తొమ్మిది నెలల్లో ఆయన గొంతెత్తి ఏడవడం అదే మొదటిసారి. బకెట్టు నిండి పొర్లి నీళ్ళు ఇద్దరి కాళ్ళ మీదికీ వచ్చాయి. కూతురు తండ్రి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. కుళాయి మాత్రం కట్టలేదు.