కాపురానికి ప్రూఫులు

బుధవారం పొద్దున ఎనిమిదిన్నరకి ఆ మనిషి మెట్లెక్కి వచ్చిన తీరు చూడగానే, ఎక్కడో కొంప మునిగిందని టైపిస్టుకి అర్థమైపోయింది. కుర్చీ చూపిస్తే కూర్చున్నాడు. కూర్చున్నవాడు వెంటనే లేచాడు. కిటికీ దగ్గరికి వెళ్ళి కింద లాండ్రీ షాపు వాళ్ళు బట్టలు దించుకోవడం చూశాడు, మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. మంచినీళ్ళిస్తే సగం చొక్కా మీదే పోసుకున్నాడు.

"రేపు పదింటికి మా ఇంటర్వ్యూ అండీ," అన్నాడు. "ఫైలు పోయింది. నా బతుకంతా ఆ ఫైల్లోనే ఉంది."

"ఎవరి ఫైలు? ఏం ఇంటర్వ్యూ? తలా తోకా లేకుండా చెప్తే ఎలా బాబూ, మొదట్నించీ చెప్పండి," అంది ప్రూఫులమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

ఇరవై రెండేళ్ళు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దింది కాబట్టి ఆవిణ్ణి అందరూ ప్రూఫులమ్మ అంటారు. అచ్చాఫీసు మూతపడ్డాక ఈ రెండు గదులు అద్దెకి తీసుకుని ప్రైవేటు డిటెక్టివు బోర్డు పెట్టింది. అదే అచ్చాఫీసులో టైపు కొట్టిన మనిషి ఆవిడ వెంటే వచ్చి అసిస్టెంటయ్యాడు. లోకంలో ఇంత తెలివైన మనిషి మరొకరు లేరని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఆవిడ దగ్గర తప్ప అందరి దగ్గరా చెప్పుకుంటాడు.

వచ్చినాయన ఎలక్ట్రీషియన్. ఇక్కడి పౌరురాలైన ఒక నర్సుని పెళ్ళి చేసుకుని మూడేళ్ళ కిందట ఈ దేశం వచ్చాడు. భార్య తరఫున ఇక్కడే స్థిరపడే పేపరు కోసం దరఖాస్తు పెట్టారు. ఆ పేపరు వచ్చేదాకా పని చెయ్యకూడదు, దేశం దాటి వెళ్ళకూడదు. పెళ్ళి నిజంగా పెళ్ళేనా, పేపరు కోసం ఆడిన నాటకమా అన్నది ఆఫీసరు తేలుస్తాడు. మొగుణ్ణి ఒక గదిలో, పెళ్ళాన్ని ఒక గదిలో కూర్చోబెట్టి ఒకే ప్రశ్నలు అడుగుతారు. ఇద్దరి జవాబులూ కలవాలి. కలిసి బతుకుతున్నామని కాగితాలు చూపించాలి. పెళ్ళి సర్టిఫికెట్టు, ఫోటోలు, ఇద్దరి పేర్లతో ఇంటి అగ్రిమెంటు, అన్నీ అసలువి.

"ఒకసారి నాకు జ్వరమొచ్చి ఇంటర్వ్యూ వాయిదా పడింది. ఇది రెండోది. రేపు ఫైల్లేకుండా వెళ్తే దరఖాస్తు కొట్టేస్తారు. నెల తిరక్కుండా నేను దేశం వదలాలి," అన్నాడు.

పడగ్గది బీరువా కింది సొరుగులో ఉండాల్సిన ఫైలు పొద్దున తీస్తే లేదట. దాని చోట ఒక చీటీ ఉంది. ఒక్కో అక్షరం విడివిడిగా, రాత గుర్తుపట్టకుండా గీసినట్టుంది.

ప్రూఫులమ్మ చీటీని బల్ల మీద పరిచి పెన్సిలు మొనని మాట మాట కిందా నడిపించుకుంటూ చదివింది. అచ్చాఫీసు అలవాటు పోలేదు.

"ఎల్లుండి ఇంటర్వ్యూకి వెళ్ళొద్దు. వెళ్తే మన బతుకు బజారున పడుతుంది. ఫైలు భద్రంగానే ఉంది."

పెన్సిలు ఒకచోట ఆగింది, మళ్ళీ కదిలింది. టైపిస్టు అది గమనించాడు గానీ ఎక్కడాగిందో చూడలేకపోయాడు. దానికి రోజంతా తనని తానే తిట్టుకున్నాడు.

"ఇంకేమైనా పోయిందా?"

ఎలక్ట్రీషియన్ నేల చూపులు చూశాడు. "ఒక నోటుపుస్తకం. నా పనిముట్ల సంచి అడుగున దాచాను. ఆఫీసరు అడిగే ప్రశ్నలు, మా ఆవిడ గురించి జవాబులు రాసుకున్నాను. పెళ్ళాం గురించి బట్టీ పడుతున్నానంటే ఏం బావుంటుంది చెప్పండి? ఎవరికీ చెప్పలేదు. ఆ సంచి జోలికి ఎవరూ పోరు. పుస్తకం కోసం తప్ప నేనే తెరవను, పనిముట్లు చూస్తే దిగులేస్తుంది."

* * *

పదకొండింటికి ఆ ఇంటికి వెళ్ళారు. కింద టైలరు షాపు, పైన వీళ్ళ వాటా. టైలరే ఇంటి ఓనరు. వాటాకి ఇంకో తాళంచెవి ఆయన దగ్గరుందని తెలియగానే టైపిస్టు మనసులో కేసు తేల్చేశాడు.

టైలరు కత్తెర ఆపకుండానే మాట్లాడాడు. "ఆ వాటా ఖాళీ చేస్తే మా అమ్మాయిని తెచ్చిపెట్టుకుందామని ఉందండీ, దాచేదేముంది. అడిగాను, ఇంటర్వ్యూ అయ్యాక చూద్దామన్నారు. సరేనన్నాను. నిన్న నేను షాపే తెరవలేదు. పై పిన్నిగారినీ మా ఆవిడనీ కళ్ళాసుపత్రికి తీసుకెళ్ళాను. పొద్దున ఏడింటికి పోతే సాయంత్రం అయిదైంది తిరిగొచ్చేసరికి. ఆ లైన్లో నించుని నా కాళ్ళు పడిపోయాయి."

పైన నర్సుని పెంచి పెద్దచేసిన పిన్ని ఉంది. అల్లుడి మాటెత్తగానే ఒంటికాలి మీద లేచింది.

"మూడేళ్ళుగా చూస్తున్నానమ్మా ఈ తంతు! అల్లుడుగారికి ఇంట్లో ఒక మేకు కొట్టడానికి తీరికుండదు. ఆ సొరుగు పిడి నెల్రోజులు ఊగింది. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది. చివరికి పోయిన వారం మా అమ్మాయే బిగించుకుంది, పాపం డ్యూటీ నించి వచ్చి. ఇంటి పిడి బిగించలేనాయన రేపు పేపరొస్తే ఊళ్ళో కరెంటు పని చేస్తాడట!"

"మీకు ఆయన వెళ్ళిపోతే సంతోషమేనా?"

పిన్ని కొంగు సర్దుకుని, "అమ్మాయి ఏడుస్తుంది కదండీ," అంది మెల్లగా.

ప్రూఫులమ్మ పడగ్గదిలోకి వెళ్ళి సొరుగు ముందు గొంతుక్కూచుంది. పిడి గట్టిగా ఉంది. మరమేకు తల మీద స్క్రూడ్రైవరు గాట్లు కొత్తగా మెరుస్తున్నాయి. ఇంట్లో ఇంకో స్క్రూడ్రైవరుందా అని అడిగింది. లేదన్నాడు ఎలక్ట్రీషియన్, ఉన్నవన్నీ తన సంచిలోనే.

తర్వాత ఫారాలాయన వచ్చాడు. ఇలాంటి దరఖాస్తులు నింపి పెట్టడం ఆయన వృత్తి. తన మీదికే వస్తుందేమోనని ముందే చెమటలు కక్కుతున్నాడు. "సోమవారం సాయంత్రం ఒక్కసారే వచ్చానండీ. ఫైల్లో కాగితాలన్నీ సరిచూసి, ఈయన చేతికే ఇచ్చి వెళ్ళాను. నిన్నంతా ఆఫీసులోనే ఉన్నాను, పదిమంది సాక్షులున్నారు. నా క్లయింటు ఓడిపోతే నాకేం ఒరుగుతుంది?"

నర్సు ఇంటర్వ్యూ కోసం రెండ్రోజులు సెలవు పెట్టుకుని ఇంట్లోనే ఉంది. చక్కటి మనిషి, కళ్ళ కింద నలుపు. అడిగినదానికి జవాబు చెప్తూనే మంచం మీద దుప్పటి మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. నిన్న ఆయన మెడికల్ రిపోర్టు కోసం ఎనిమిదింటికి వెళ్ళాడనీ, తను ఒంటిగంటకి డ్యూటీకి బయల్దేరాననీ, ఆయన మూడింటికి తిరిగొచ్చాడనీ చెప్పింది.

"ఆ రెండు గంటల్లోనే ఎవడో దూరాడండీ!" అన్నాడు ఎలక్ట్రీషియన్. కాలుగాలిన పిల్లిలా గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. "తొందరగా పట్టుకోండి. ఇంకా ఇరవై రెండు గంటలే ఉంది."

"నాలుగింటికి అందరూ ఇక్కడే ఉండండి," అంది ప్రూఫులమ్మ.

మెట్లు దిగుతూ టైపిస్టు ఉండబట్టలేకపోయాడు. "టైలరే కదా మేడమ్?"

"టైలరు తాళంచెవి నీకు బాగా నచ్చినట్టుందయ్యా," అని ఆవిడ నవ్వి, టీ తాగుదాం పదమంది.

* * *

నాలుగింటికి ముందుగది నిండిపోయింది. పిన్ని కుర్చీలో, నర్సు సోఫాకి ఒక చివర, టైలరు గుమ్మంలో మెడలో టేపుతో, ఫారాలాయన గోడకి ఆనుకుని. ఎలక్ట్రీషియన్ మాత్రం కూర్చోనన్నాడు. టైపిస్టు నోట్సు పుస్తకం తెరిచి పెట్టుకున్నాడు. అతని గుండె ప్రతి కేసులోనూ ఈ ఘడియలో ఇలాగే దడదడలాడుతుంది.

"ఈ చీటీలో తప్పులేమీ లేవు," అని మొదలుపెట్టింది ప్రూఫులమ్మ. "నన్ను ఆపింది ఒక ఒప్పు. 'మన బతుకు బజారున పడుతుంది.' టైలరుగారూ, మీరు వీళ్ళని బెదిరిస్తూ రాస్తే ఏమని రాస్తారు?"

"'మీ బతుకు' అంటానండీ. నాదెందుకు పడుతుంది?"

"అంతే. బయటివాళ్ళు రాస్తే 'మీ' అని వస్తుంది. 'మన' అన్నామంటే రాసేవాళ్ళూ చదివేవాళ్ళూ ఇద్దరూ ఒకే బతుకులో ఉన్నట్టు. రాత మార్చొచ్చు గానీ ఆ మాట మార్చుకోవాలని ఎవరికీ తోచదు. కాబట్టి చీటీ ఈ ఇంటి మనిషే రాశారు."

గదిలో అందరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పిన్ని గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఇంటర్వ్యూ గురువారం. చీటీలో 'ఎల్లుండి' అని ఉంది. అంటే రాసింది మంగళవారం, నిన్న. నిన్న పిన్నిగారు పొద్దున ఏడింటి నించి అయిదు దాకా టైలరుగారితో కళ్ళాసుపత్రిలో ఉన్నారు. కళ్ళల్లో మందేస్తే ఆ తర్వాత అక్షరం కనపడదు, ఇక రాసేదేముంది! ఇంక మిగిలింది ఇద్దరు. బాబూ, మీరే ఫైలు దాచుకుని ఉంటే నోటుపుస్తకం సంగతి నాకు చెప్పి ఉండరు. అదొకటుందని మీకు తప్ప ఎవరికీ తెలీదనుకున్నారు కదా. కానీ పోయినవారం ఇంకొకరికి తెలిసింది. సొరుగు పిడి బిగించడానికి స్క్రూడ్రైవరు కావాలి. స్క్రూడ్రైవరు మీ సంచిలో ఉంది."

ఎలక్ట్రీషియన్ నడక ఆగిపోయింది.

"అబద్ధం," అన్నాడు. "ఎవరైనా చేస్తారేమో గానీ ఆవిడ చెయ్యదు. మూడేళ్ళు నాకోసం ఆ ఆఫీసుల చుట్టూ తిరిగింది ఎవరనుకున్నారు?"

"నేనే తీశాను," అంది నర్సు.

టైపిస్టు పెన్ను కాగితం మీదే నిలిచిపోయింది.

"నేనే," అంది మళ్ళీ, మొగుడి వంక చూడకుండా. "ఆసుపత్రిలో నా లాకర్లో ఉంది. చదివానండీ ఆ పుస్తకం. టీలో చక్కెర ఒకటిన్నర చెంచా. కుడి చెవి వెనకాల పుట్టుమచ్చ. కోపమొస్తే మాట్లాడదు, గిన్నెలు తోముతుంది. ఒక్కోదాని పక్కన టిక్కులు. నేను... నేను ఏదో ప్రేమకొద్దీ గుర్తుపెట్టుకుంటున్నాడనుకున్నాను ఇన్నాళ్ళూ. చివరి పేజీలో ఏం రాశాడో అడగండి."

ఎలక్ట్రీషియన్ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"'గురువారం దాటితే ఈ బాధ వదిలిపోతుంది.' అదీ రాసింది. నేనా బాధ? పేపరు చేతికొస్తే ఎవరికోసం ఆగుతాడండీ ఇంక? రాకపోతే మళ్ళీ అప్పీలుకి పోవచ్చు, ఇంకో ఏడాది పట్టచ్చు. ఆ ఏడాదైనా ఉంటాడు కదా అనుకున్నాను." ఆపుకున్న ఏడుపు ఒక్కసారి తన్నుకొచ్చింది. పిన్ని లేచి వెళ్ళి పక్కన కూచుంది.

"అప్పీలు లేదమ్మా," అన్నాడు ఫారాలాయన బిక్కమొహంతో. "రెండోసారి తప్పితే పంపించేయడమే."

నర్సు నివ్వెరపోయి చూసింది. ఆ సంగతి ఆమెకి నిజంగానే తెలీదు.

"ఆ బాధ నువ్వు కాదు," అన్నాడు ఎలక్ట్రీషియన్. "పదహారో ఏట నించి పని చేసినవాణ్ణి. మూడేళ్ళయింది ఒక తీగ ముట్టుకుని. నువ్వు డ్యూటీకెళ్తే కిటికీలోంచి చూస్తూ కూచుంటాను. ఆ పిడి ఎందుకు బిగించలేదో తెలుసా? ఆ పనిముట్లు పట్టుకుంటే మళ్ళీ సంచిలో పెట్టేసే ఓపిక నాకు లేక. ఆ బాధ రాసుకున్నాను."

"మరి పేపరొచ్చాక ఉంటావా?"

ఇంతమందిలో ఇలా అడిగేస్తుందని ఎవరూ అనుకోలేదు. టైలరు గుమ్మంలోంచి తప్పుకోబోయి, ఎటు పోవాలో తెలీక అక్కడే నిలబడ్డాడు. ఉంటానని ఒక్క మాటంటే అయిపోయేది. అనవయ్యా మహానుభావా అని టైపిస్టు లోలోపల మొక్కుకుంటున్నాడు.

"తెలీదు," అన్నాడు ఎలక్ట్రీషియన్.

పిన్ని నోరు తెరిచింది. ప్రూఫులమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఉండాలనే ఉంది. కానీ ఇష్టమై ఉన్నానో, ఎటూ పోయే దారి లేక పడి ఉన్నానో ఈ మూడేళ్ళలో నాకే తెలీకుండా పోయింది. పోవడానికి వీలుంటేనే కదా ఉండటానికి ఒక విలువ. ఇప్పుడు నీకు ఉంటానని చెప్పాననుకో, అదీ బట్టీ పట్టిన జవాబే అనుకుంటావు."

నర్సు కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి చెప్పులేసుకుంది.

"ఆసుపత్రి పదినిమిషాలు. ఎవరూ రావద్దు," అని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పదినిమిషాలు ఇరవై అయ్యాయి, అరగంటయింది. ఎవరూ కదల్లేదు. ఎలక్ట్రీషియన్ కిటికీ దగ్గర నిలబడి వీధి చివరకే చూస్తున్నాడు. "తెస్తుందంటారా మేడమ్?" అని టైపిస్టు గొణిగాడు. "ఏమోనయ్యా," అంది ఆవిడ. ప్రూఫులమ్మకీ తెలియని సంగతి ఒకటుంటుందని అతను ఆ రోజే చూశాడు. అతనికి కాస్త బెంగగా కూడా అనిపించింది.

అయిదున్నరకి నర్సు వచ్చింది. వగరుస్తూ వచ్చి నీలం ఫైలు మొగుడి చేతుల్లో పెట్టింది. పెట్టాక కూడా ఒక్క క్షణం దాన్ని వదల్లేకపోయింది. తర్వాత వదిలేసింది.

"ఇదిగో. రేపు తొమ్మిదికే బయల్దేరాలి," అంది. "నాకు చాలా భయంగా ఉంది."

"నాకూ భయంగానే ఉంది," అన్నాడతను. ఫైలు తెరవలేదు. పొద్దుట్నించీ మొదటిసారి కుదురుగా సోఫాలో కూర్చున్నాడు, ఆమె పక్కన. "ఆ ఆఫీసరు అడుగుతాడు. ఇకముందు కూడా మీరిద్దరూ కలిసే ఉంటారా అని ఫారంలోనే ఉంది ప్రశ్న. ఏం చెప్పను?"

"తెలీదని చెప్పు," అంది నర్సు. "అవతలి గదిలో నేనూ అదే చెప్తాను. జవాబులు కలుస్తాయి."