పెంటమ్మ మనవరాలు

ఉయ్యాల ఖాళీగా ఉంది.

నల్లగండ్లలో పద్నాలుగో అంతస్తు. నెల కూడా నిండని ఆడపిల్ల. ఇంకా పేరైనా పెట్టలేదు. మాయమైపోయింది.

ఆ గేటెడ్ కమ్యూనిటీలో చీమ తుమ్మినా కెమెరాకెక్కుతుంది. అయినా పాపను ఎత్తుకెళ్ళినవాడు ఒక్క ఫ్రేములోనూ లేడు. ఇన్‌స్పెక్టర్ ఓంకార్‌కు బుర్ర వేడెక్కింది.

"పాపను ఆఖరుసారి చూసిందెవరు?"

"నేనేనండీ." తల్లి సంయుక్త ఖాళీ ఉయ్యాల పట్టుకుంది. "పొద్దున ఆరింటికి పాలిచ్చి పడుకోబెట్టాను."

"మీరు?"

"పండుకున్న సార్. ఫోన్ సైలెంట్‌ల ఉండె," అన్నాడు ఆమె భర్త అజయ్.

"నువ్వు?"

పనిమనిషి పింకీ ఒకడుగు వెనక్కి వేసింది. "గేటు కాడనే ఆపిన్రు సార్. అజయ్ సార్ ఫోన్‌ల ఓకే కొడితెనే లోపలికి వదుల్తరు. మస్తుసేపు నిలబడ్డ."

మూలన అజయ్ తల్లి. ఏడవడం లేదు. పింకీనే చూస్తోంది.

"నీ పేరేంది పెద్దమ్మా?"

"పెంటమ్మ."

"గా పేరెందుకు పెట్టిన్రు?"

"నా ముందు పుట్టినోళ్ళు బతకలే బిడ్డా. అమ్మ నన్ను చాటల పెట్టి పెంటకుప్ప మీద పడేసింది. పక్కింటామె ఎత్తుకున్నది. ఆమె దగ్గర పిడికెడు తవుడుకు మళ్ళ కొనుక్కున్నది. పారేసిన పిల్లనని చావు నన్ను ముట్టలే."

సంయుక్త ఉన్నట్టుండి నవ్వింది. ఆ నవ్వు బాగాలేదు. "మా టీంలో మంగోలియా అతను ఉన్నాడండీ, నెర్గుయి. పేరు లేనివాడని అర్థమట. చైనా పల్లెల్లో కుక్క పేర్లు పెడతారట, పిల్లలు బతకాలని. అత్తయ్య మా పాపకీ పెంటమ్మ అనే పెట్టమంది. మాకు ఇంతకుముందు ఇద్దరు పిల్లలు పోయారండీ. అయినా నేను ఒప్పుకోలేదు."

ఓంకార్ లేచి లిఫ్టు వీడియో మళ్ళీ వేయించాడు. తర్వాత అందరినీ టీవీ ముందు కూర్చోబెట్టాడు.

"చూడుండ్రి. పెద్దమ్మ చాట మీద బట్ట కప్పి కిందికి దిగింది. చెత్త పారేయనికి అనుకున్నం. కానీ ఇక్కడ చెత్త గడప కాడికొచ్చి తీస్కపోతరు గదా?"

ఓంకార్ పెంటమ్మ వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, ఎత్తుకోవాల్సింది పింకీయేనా?"

"కొనుక్కునేదాంక చెప్పొద్దు సారూ! చెత్తకుప్ప మీద పెట్టినంక ఎనక్కి మళ్ళి చూడొద్దు. చూడలే." పెంటమ్మ పింకీ రెక్క పట్టుకుంది. "నాటకమాడుతున్నవనుకున్న గదనే! నా బిడ్డేది?"

"నేనొచ్చేసరికి చాట ఖాళీ అమ్మా. భయమై నోరు తెరవలే!"

ఓంకార్ చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ కొట్టాడు. అవును, దొరికింది. పొద్దున వాకింగ్‌కు వచ్చినాయన, కెమెరా లేని చెత్తకుప్ప దగ్గర ఏడుపు విని చెప్పాడు. వాళ్ళు వచ్చి తీసుకెళ్ళారు. పాప క్షేమం. వాళ్ళు అడిగితే సాక్ష్యంగా లిఫ్టు వీడియో కూడా పంపాడు ఓంకార్. ఇంత తొందరగా తేలిన కేసు తన సర్వీసులో లేదు. జీపులో అందరినీ ఎక్కించుకుని సైరన్ వేసుకుని పోయాడు.

శిశుగృహ అధికారి పద్మావతి కుర్చీలోంచి లేవలేదు.

"పారేసిన బిడ్డ అని కేసు రాశాం. డీఎన్ఏ రిపోర్టు రావాలి. శిశు సంక్షేమ కమిటీ ఆర్డరు రావాలి. అప్పటిదాకా ఇవ్వలేమండీ."

"ఆచారం మేడమ్. పారేసుడు కాదు."

"పారేయడానికి తీసుకెళ్తున్న వీడియో మీరే పంపారు కదండీ?"

ఓంకార్ టోపీ తీశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. చేతులకు ఇంకో పని దొరకలేదు.

అద్దం అవతల నర్సు పాపను ఎత్తి చూపించింది. "బంగారు బొమ్మండీ! అందరం ఆమని అని పిలుస్తున్నాం."

సంయుక్త అద్దానికి అతుక్కుపోయింది. "వద్దండీ. అంత మంచి పేరొద్దు. మీకు దణ్ణం పెడతాను. ఏదైనా పాడు పేరుతో పిలవండి."

నర్సుకు అర్థం కాలేదు. నవ్వి, పాప చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఆమనీ, అమ్మకు టాటా చెప్పమ్మా."