కదలని మౌస్

“కనెక్ట్ అవ్వట్లేదమ్మా! ఇంకెంతసేపు?”

హెడ్‌సెట్‌లో, టేబుల్ ఫోన్ నుంచి డైరెక్టర్ అరుపు.

హెల్ప్‌డెస్క్ అమ్మాయి పళ్లు బిగిస్తుంది. ఈ గొంతే! తన తమ్ముడి శవం ఇంకా మార్చురీలో ఉండగానే, “తప్పంతా ఆ లిఫ్ట్ మెకానిక్‌దే” అని టీవీ మైకుల ముందు చెప్పిన గొంతు!

“చూస్తున్నాను సార్.”

మధ్యాహ్నం రెండూ యాభై.

మూడింటికి ఆ ప్రమాదం విచారణ ఫైలు మూసేస్తారు. ఆఫీసర్ అప్పుడే వచ్చి, ఐదో అంతస్తులో డైరెక్టర్ కేబిన్ బయట కూర్చున్నాడు. కావాల్సిందల్లా డైరెక్టర్ స్టేట్‌మెంట్. దాన్ని రాత్రి ఇంట్లో టైప్ చేసి, లాప్‌టాప్ ఇంట్లోనే మర్చిపోయి వచ్చాడు మహానుభావుడు! ఇప్పుడు ఆఫీసు కంప్యూటర్ నుంచే దాన్ని తెరవాలి.

ఆ లాప్‌టాప్‌లోనే ఇంకో ఫైలు ఉంది.

తమ్ముడి రిపోర్ట్. ‘లిఫ్ట్ రోప్ తెగేలా ఉంది. వెంటనే ఆపెయ్యండి.’ అది పంపిన నాలుగో రోజే, ఆ లిఫ్ట్ కిందే నలిగిపోయాడు. ఆఫీసు సర్వర్‌లో రిపోర్ట్ మాయం! అసలు రానే లేదంటాడు డైరెక్టర్. కానీ డైరెక్టర్ దాన్ని ఇంట్లో డౌన్‌లోడ్ చేసుకున్నట్టు సర్వర్ లాగ్‌లో నమోదు మిగిలింది. ఆమె ఈ ఉద్యోగంలో చేరిందే ఆ రిపోర్ట్ కోసం. నలభై రోజులు కళ్లు కాయలు కాశాయి.

ఇవాళ తలుపు ఆయనే తీస్తున్నాడు!

“లాప్‌టాప్ నిద్రలో ఉన్నట్టుంది సార్. మేడమ్‌ని మూత తెరవమనండి.”

డైరెక్టర్ సెల్‌ఫోన్ స్పీకర్లో, ఇంట్లో ఉన్న ఆయన భార్య గొంతు. “తెరిచానండీ.”

మళ్లీ ప్రయత్నం... ఫెయిల్!

రెండూ యాభై మూడు.

“ఇంట్లో వైఫై కొత్తదా సార్?”

“నిన్ననే మార్చాం. అయితే ఏంటి?”

“కొత్త నెట్‌వర్క్‌ని లాప్‌టాప్ నమ్మదు సార్. బయటివాళ్లని రానివ్వదు. సెట్టింగ్స్‌లో ‘పబ్లిక్’ తీసి ‘ప్రైవేట్’ పెట్టమనండి.”

“ఎక్కడుందండీ అది?” భార్య తడబడుతోంది.

“ఆ మాత్రం కనపడట్లేదా?” డైరెక్టర్ విసుక్కుంటాడు.

ఆమె గడియారం వైపు చూస్తుంది. త్వరగా మేడమ్... ప్లీజ్...

“పెట్టానండీ!”

రెండూ యాభై ఆరు.

డైరెక్టర్ పాస్‌వర్డ్ కొడతాడు. స్క్రీన్ మీద చిన్న చక్రం తిరుగుతుంది... తిరుగుతుంది...

కనెక్టెడ్!

“హమ్మయ్య! థాంక్స్ అమ్మా. ఇక నువ్వు వెళ్లొచ్చు.”

ఆమె వెళ్లదు.

ఆయన ఆఫీసు కంప్యూటర్ స్క్రీన్ మొత్తం ఇంకా ఆమె ముందే ఉంది. రిపేర్ చేసేటప్పుడు యూజర్ చెయ్యి అడ్డం రాకుండా ఒక బటన్ ఉంటుంది.

నొక్కుతుంది.

“ఏయ్... మౌస్ కదలట్లేదేంటి?”

“నేనే ఆపాను సార్.”

బాణం గుర్తు దానంతటదే పరుగెత్తుతుంది. డౌన్‌లోడ్స్... కిందికి... ఇంకా కిందికి...

దొరికింది!

రిపోర్ట్ తెరుచుకుంటుంది. తెగుతున్న రోప్ ఫొటోలు. చివర్లో తమ్ముడి సంతకం. ఆమె కళ్లు మసకబారతాయి. తుడుచుకునే టైం లేదు.

“అది ముట్టుకోకు! ఎవరే నువ్వు?”

“ఆ సంతకం పెట్టినవాడి అక్కని!”

అందులోనే డైరెక్టర్ మెయిల్ తెరుస్తుంది. విచారణ ఆఫీసర్ అడ్రస్. ఫైలు జత చేస్తుంది. సెండ్!

ఫొటోలున్న బరువైన ఫైలు. ఇరవై శాతం... ముప్పై...

“ఎంత కావాలో చెప్పు! ఇస్తాను!”

“తమ్ముడు కావాలి. ఇస్తారా?”

నలభై ఐదు...

హెడ్‌సెట్‌లో కుర్చీ పడ్డ చప్పుడు. రొప్పు. టేబుల్ కింద ఏదో పెనుగులాట...

ఠక్!

ఆమె ముందున్న స్క్రీన్ నల్లబడిపోతుంది.

ప్లగ్ పీకేశాడు!

“ఇప్పుడు పంపవే చూద్దాం!” ఆయన పగలబడి నవ్వుతాడు. “నీకు ఉద్యోగమూ లేదు, నీ తమ్ముడికి దిక్కూ లేదు!”

ఆమె నెమ్మదిగా కుర్చీలో వెనక్కి వాలుతుంది.

“మీరు పీకింది ఆఫీసు కంప్యూటర్ ప్లగ్ సార్.”

“అయితే?”

“మెయిల్ వెళ్తున్నది ఇంట్లో లాప్‌టాప్ నుంచి. ఇక్కడ కరెంటు పోతే, అక్కడ పని ఆగదు.”

నవ్వు టక్కున ఆగిపోతుంది.

“ఏమేవ్! మూత వేసెయ్! వేసెయ్ త్వరగా!” సెల్‌ఫోన్లోకి కేకలు. అవతల భార్య ఎప్పుడో ఫోన్ పెట్టేసింది.

కేబిన్ తలుపు తెరుచుకున్న చప్పుడు... బూట్ల అడుగులు...

“ఈ రిపోర్ట్ అసలు రాలేదని ఇందాకేగా చెప్పారు సార్?” ఆఫీసర్ గొంతు. “మరి ఇప్పుడు మీ మెయిల్ నుంచే నాకొచ్చిందేంటి?”