రోజారమణి మడత చాకు

భయపడ్డ మనిషి మెట్లెక్కే చప్పుడు వేరు, కోపమొచ్చిన మనిషి మెట్లెక్కే చప్పుడు వేరు. ద్వారకా నగర్‌లో డిటెక్టివ్ గౌరీశ్వరి దగ్గర ఆరేళ్లుగా అసిస్టెంటుగా ఉన్న షహబాజ్‌కి ఆ తేడా బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం వాళ్ల ఆఫీసు మెట్లెక్కి వచ్చింది అచ్చమైన కోపం.

ముప్ఫై ఏళ్ల ఆడమనిషి. కుర్చీ చూపించినా కూర్చోకుండా రెండు అరచేతులూ టేబుల్ మీద వెల్లకిలా పెట్టింది.

"నా పేరు రోజారమణి మేడమ్. మాది పద్మనాభం. వన్ టౌన్‌లో దేవీప్రసాద్ బాబు బట్టల గోడౌన్‌లో బేళ్లు ఇప్పుతాను. ఈ సేతుల్తో కష్టపడి తింతన్నాను. నిన్న మద్దేనం బాబు కొత్త కారు టైరు నాను పొడిసీసినానంట! ఇయాల అయిదింటికల్లా చమాపణ రాసిచ్చి పని మానీయాలంట. నేపోతే పోలీసు కేసంట. నాను రాయను."

గౌరీశ్వరికి యాభై దాటాయి. ఇరవై ఏళ్లు పోర్టు గోడౌన్లలో సరుకు తనిఖీ చేసిన కళ్లవి. ఆ అరచేతుల్ని నింపాదిగా చూసింది. తాళ్లు లాగి కాయలు కాశాయి గానీ ఎక్కడా ఒక్క గాటు లేదు.

"నీ మీదే ఎందుకు పడ్డారమ్మా?"

"టైరు పక్కన నా చాకు దొరికింది. అన్నం తినీటప్పుడు బేగులో ఎట్టినాను, ఎవులో తీసినారు. బాబు బావమరిది గుణశేఖర్, మా సూపర్‌వైజరు, నాను పొడుత్తుంటే మేడమీంచి సూసినాడంట."

"అతనికీ నీకూ ఏమైనా గొడవా?"

రోజారమణి అప్పుడు కూర్చుంది. "గేటు కాడ మా బేగులు ఆయనే ఎతుకుతాడు. బేగులతో ఆగితే బాగున్ను, ఒంటి మీద సేతులేత్తాడు. ఆడోళ్లని ఆడమనిషే తనికీ సేయాలని ఏడుగురం సంతకాలెట్టి కాయితం రాసినాం. నిన్న సాయంత్రం బాబుకి ఇద్దామనుకున్నాం. ఆ సంగతి ఆయనకి ముందే తెలిసిపోనట్టుంది, మద్దేనమే ఇదైపోయింది." తల వంచకుండానే అడిగింది. "నాను ఎల్లిపోతే ఆ కాయితం ఎవులిత్తారు మేడమ్? మిగతా ఆరుగురూ నోరు కుట్టీసుకుంటారు. పైగా ఆడదానికి కత్తెందుకని అందరూ అడుగుతన్నారు. తాళ్లు పళ్లతో కొరకమంటారేటి?"

షహబాజ్‌కి ఒళ్లు మండిపోయింది. ఆ గుణశేఖర్‌ని వెళ్లి నాలుగు తన్ని రావాలనిపించింది. గౌరీశ్వరి మాత్రం చెప్పులేసుకుంటూ, "ముందు ఆ చాకు సంగతి చూద్దాం. ఎక్కడ కొన్నావు?" అంది.

కొన్నది వన్ టౌన్ సందులో, కరీం బాషా కొట్లో. ఆయన షహబాజ్‌కి మేనమామే. రోజారమణి పేరు చెప్పగానే నవ్వేశాడు.

"మరిచిపోతానా? గంటసేపు నా బుర్ర తినేసింది! లాకున్న పెద్ద చాకు చూపించాను. తెరిస్తే కదలదు, గట్టిది. 'లావుగుంది, నడుం కాడ దోపుకుంటే గుచ్చుకుంటాది' అంది. చివరికి ఇదిగో, ఇలాంటిది ఏరుకుంది." అద్దాల పెట్టెలోంచి ఓ మడత చాకు తీశాడు. దువ్వెనంత సన్నం, చూపుడు వేలంత పొడవు. "దీనికి లాకు లేదు, స్ప్రింగు బిగువు మీద నిలబడుతుంది. అదే చెప్తే, 'తాళ్లు కొయ్యడానికి, బస్సులో జాంకాయ కోసుకోడానికి తాతా, ఎవుల్నీ పొడవడానికి కాదు' అంది. అవసరం తెలిసిన పిల్ల."

గౌరీశ్వరి ఆ చాకు తెరిచి, పిడిని రెండు వేళ్లతో పట్టుకుని, అలుగు వీపుని బల్ల అంచుకేసి నొక్కింది. టక్కున మడత పడింది. ఇంకోసారి నొక్కింది. మళ్లీ టక్. తిరిగి ఇచ్చేసింది.

గోడౌన్ ముందు కారుంది. మార్చి గోడకి ఆనించిన ముందు టైరుకి లోతుగా ఒక పోటు. వెనక టైరుకి మాత్రం చిన్న గీత. డ్రైవరు వరహాలు బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ఉండటం షహబాజ్ కంటపడింది. దొరికాడు దొంగ అనుకున్నాడు.

"వేలికేమైంది?"

"టైరు మారుత్తుంటే జాకీ జారింది అన్నా. గోరు నల్లబడిపోయింది."

ఇంతలో గుణశేఖర్ టీ పట్టుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కుడి చెయ్యి ప్యాంటు జేబులో. "ఎడం సెయ్యి, ఏటీ అనుకోకండి మేడమ్" అంటూ గ్లాసు అందించాడు. మళ్లీ వెళ్లి షహబాజ్‌కీ తెచ్చాడు, మళ్లీ అదే మాట.

"మీరు చూసింది చెప్పండి."

"కసిగా పొడిసిందండి. ముందు టైరు, తర్వాత ఎనక టైరు."

"వెనక దానికి గీతే పడిందే?"

"ఎవులో వత్తన్న అలికిడి ఇని ఆగుంటాది."

"చాకు ఎక్కడుంది?"

"డ్రాయర్లో. మట్టైపోతే కడిగి ఎట్టినాను."

గౌరీశ్వరి టీ తాగి గ్లాసు కింద పెట్టింది. "షహబాజ్, పొద్దున మా చెల్లెలిచ్చిన అప్పన్న స్వామి గుడి ప్రసాదం బండి డిక్కీలో ఉంది, పట్రా. అందర్నీ పిలవండి."

నాలుగున్నరకి బేళ్ల మధ్య అందరూ చేరారు. దేవీప్రసాద్ చేతిలో తెల్లకాగితం, పెన్నూ ఉన్నాయి, రోజారమణి చేత రాయించడానికి. ఆమె కాగితం వంకైనా చూడలేదు. మిగతా ఆరుగురు ఆడవాళ్లూ గోడకి అంటుకుని నిలబడ్డారు. షహబాజ్ పొట్లం పట్టుకుంటే గౌరీశ్వరి ఒక్కొక్కరికీ పులిహోర పెట్టుకుంటూ పోయింది. దేవీప్రసాద్ కుడి చెయ్యి పట్టి కళ్లకద్దుకున్నాడు. వరహాలూ పట్టాడు, గుడ్డ చుట్టిన వేలితోనే. గుణశేఖర్ ఎడం చెయ్యి సగం చాపి ఆగిపోయాడు.

"నాను... తర్వాత తింటాను."

"అప్పన్న ప్రసాదం తర్వాతేటి?" దేవీప్రసాద్ కసిరాడు. "కుడి సెయ్యి పట్టు!"

టీ గ్లాసైతే ఒక్క మాటతో ఎడం చెయ్యి సరిపోతుంది. ప్రసాదానికి ఏ మాటా సరిపోదు. జేబులోంచి కుడి చెయ్యి రాక తప్పలేదు. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరం వేలు, మూడింటికీ లోపలివైపు వరసగా ఒంటి రంగు ప్లాస్టర్లు.

"యాపిల్ కోసుకుంటే తెగింది" అన్నాడు ఎవరూ అడక్కముందే.

"మూడు వేళ్లూ ఒకే గీతలోనా?" గౌరీశ్వరి చాకు తెప్పించి తెరిచింది. "ఇది కోసే చాకు, పొడిచే చాకు కాదు. లాకు లేదు. కసిగా పొడిస్తే ముందు టైరులో దిగింది, వెనక టైరు దగ్గర మడతపడి పట్టుకున్నవాడి వేళ్లే కొరికింది. అందుకే అక్కడ గీతతో ఆగింది. అలా మడతపడితే తెగేవి పిడి కింద ఉన్న వేళ్లు, బొటనవేలు కాదు. అంచేత వరహాలు కాదు. రోజారమణి గంటసేపు బేరమాడి మరీ లాకు లేనిది ఏరుకుంది, పొడిస్తే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆమె చేతులు చూడండి."

రోజారమణి రెండు అరచేతులూ చాపి అందరికీ చూపించింది.

గౌరీశ్వరి అగ్గిపుల్లకి తడి దూది చుట్టి పిడి లోపలి సందులో తిప్పింది. దూది ఎండిన నెత్తురు రంగుకి తిరిగింది. "అలుగు కడిగావు నాయనా, దాని ఇల్లు కడగడం మరిచిపోయావు. పోలీసు కేసు పెడతామన్నారుగా? పెట్టండి. ఈ రక్తం ఎవరిదో వాళ్లే తేలుస్తారు."

"బావా, అది కాదు బావా..."

"నోర్ముయ్" అన్నాడు దేవీప్రసాద్. ఆయన ముఖం కందగడ్డయింది. చేతిలో తెల్లకాగితాన్ని ఉండచుట్టి పారేసి రోజారమణి వైపు తిరిగాడు. "కేసూ వొద్దు, గొడవా వొద్దమ్మా. రేపట్నించి పనిలోకి వచ్చీ. ఆ కత్తి మాత్రం ఇంటికాడ ఒదిలీసి రా."

షహబాజ్ గౌరీశ్వరి వైపు చూశాడు. ఇంతా చేసి ఇక్కడికేనా?

రోజారమణి గౌరీశ్వరి చేతిలోంచి తన చాకు తీసుకుంది. నిన్న మధ్యాహ్నం సగంలో ఆగిపోయిన బేలు దగ్గరికి నడిచి, తాడు ఒక్క లాగులో కోసింది. గోడకి అంటుకున్న ఆరుగురూ ఒకరి వెనక ఒకరు వచ్చి ఆమె పక్కన నిలబడ్డారు. చాకు కుడి చేతిలో అలాగే ఉంది. ఎడం చేత్తో బొడ్లోంచి మడత పెట్టిన కాగితం తీసి, ఏడు సంతకాలూ కనబడేలా విప్పి, యజమాని ముందుకి చాపింది.

"ఎడం సెయ్యి బాబూ" అంది. "ఏటైనా అనుకోండి."

దేవీప్రసాద్ రెండు చేతులా అందుకున్నాడు.