మూల పగిలిన ట్రాన్స్‌మిటర్

"పదకొండింటికి జడ్జి తీర్పు చదువుతాడు. ఈలోగా అతని గదిలో విదేశీ ట్రాన్స్‌మిటర్ నీకు దొరకాలి," అన్నాడు చీఫ్.

ఏజెంట్ నైన్ తలూపాడు. విచారణ లేకుండా మనుషుల్ని జైల్లో పెట్టే ఆర్డినెన్స్ మీద ఆ తీర్పు.

"అక్కడి స్టెనో మన మనిషే. పేరు నెమలి. శత్రువుల ఏజెంటులా నటిస్తోంది. కోడ్‌వర్డ్ 'గాలి రావట్లేదు'. పదిన్నరకి పోలీసులొస్తారు."

పదింపావుకి నైన్ ఏసీ మెకానిక్ వేషంలో జడ్జిగారి ఆఫీసు తలుపు తట్టాడు. తీసిన స్టెనో సోయగం చూస్తే దుమ్ముపట్టిన ఫైళ్ళు కూడా సర్దుకుని కూర్చుంటాయి.

"గాలి రావట్లేదన్నారు?"

"ఉక్కపోత చంపేస్తోంది. రండి."

వాచీలో దాచిన డిటెక్టర్ బీరువా దగ్గర వణికింది. లావుపాటి చట్టాల పుస్తకాల వెనక చెయ్యిపెట్టి నల్లటి సెట్టు లాగాడు. లాగి, కొయ్యబారిపోయాడు.

సెట్టు మూల పగిలి ఉంది. పగలగొట్టింది తనే. పోయినేడాది ఒక లెక్చరర్ ఇంట్లో పట్టుకున్నప్పుడు చెయ్యి జారి కిందపడింది. "నాకేం తెలీదు బాబూ," అని ఆయన మొత్తుకుంటుంటే తను నవ్వాడు కూడా. విచారణ లేకుండా ఆయన ఇంకా జైల్లోనే ఉన్నాడు. అంటే ఆయనింట్లోనూ ఇలాగే ఎవరో తెచ్చి పెట్టారన్నమాట. నైన్ సిగ్గుతో చచ్చిపోయాడు.

"ఇది మన స్టోర్స్‌లో ఉండాల్సిన సెట్టు!"

"అయితే ఏంటి? నిన్న నేనే పెట్టాను," అంది నెమలి, లిప్‌స్టిక్ పిస్టల్ గురిపెడుతూ. "దొరికిందని చెప్పు, చాలు."

టూల్‌బాక్స్ ఆమె చేతిమీదికి విసిరాడు. పిస్టల్ ఎగిరిపడింది. సెట్టుతో పక్కగదిలోకి దూరి, జడ్జిగారికి ఉన్నదంతా చెప్పేశాడు. అంతలోనే పోలీసు ఆఫీసర్ పంచనామా కాగితంతో దూసుకొచ్చాడు.

"ఇలా ఇవ్వండి," అన్నారు జడ్జిగారు.

కోర్టులో అలవాటైన ఆఫీసర్ చెయ్యి, అడగ్గానే కాగితం ఇచ్చేసింది. తర్వాత రాసే బాధ లేకుండా పంచనామా ముందే టైపు చేయించుకుని రావడం ఆ డిపార్ట్‌మెంట్ పద్ధతి.

"పది నలభైకి, బీరువా వెనక, మూల పగిలిన సెట్టు దొరికింది... నంబరు కూడా వేశారే! ఇప్పుడు టైము పది ముప్పై రెండేనయ్యా."

ఆఫీసర్ గబగబా తన వాచీ చూసుకున్నాడు. ఆ గొడవలో నెమలి ఎటో ఎగిరిపోయింది.

పదకొండింటికి ఆర్డినెన్స్ చెల్లదని తీర్పు వచ్చింది. నైన్ కారిడార్‌లో గోడకానుకుని విన్నాడు. లెక్చరర్ ఇంటికెళ్తాడు. పోయిన ఏడాదిని మాత్రం ఎవరూ తెచ్చివ్వలేరు.

ఫోన్ మోగింది.

"విదేశీ ముఠా దొరికిందా?" చీఫ్ గొంతు.

"దొరికింది సార్. మీరక్కడే కూర్చోండి, వస్తున్నాను."