గోరు కింద నీలం

ఆ ఉదయం చలి బాగా ఉంది. కేసరా పొయ్యి మీద నీళ్ళు పెట్టి, ఎడమ చేతిని ఒడిలో దాచుకుని కూర్చుంది. కొన్నేళ్ళుగా చల్లగాలి తగిలినా చాలు, ఉంగరపు వేలి గోరు కింద సూది దించినట్టుంటుంది. ఆ పోటు మోచేయి దాకా పాకుతుంది.

"రాణిగారికి వేణ్ణీళ్ళు సిద్ధమవుతున్నాయా?" జిగురన్నం బుట్టతో వచ్చిన తల్లి ఖంఫూన్ అంది. "నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ చన్నీళ్ళలోనే చేతులు ముంచుతున్నాను. నా వేళ్ళేం ఊడిపోలేదే!"

కేసరా మెట్లు దిగి ఇంటి కిందకి వెళ్ళింది. ఇంటిని మోసే స్తంభాల మధ్య, అమ్మమ్మ నాటి, నూలుకి రంగేసే నీలిమందు కుండ ఉండాల్సిన చోట తడి వలయం మాత్రం మిగిలింది.

వాళ్ళుండే సకోన్ నకోన్ పల్లెల్లో నీలి కుండకి ప్రాణం ఉందంటారు. రోజూ చేత్తో కలిపి, వాసన చూసి, చింతపండు పులుసో బూడిద నీళ్ళో పోసి సాకాలి. అలిగితే రంగివ్వదు. తల్లిని కనిపెట్టుకుని ఉండే చిన్నకూతురికే ఇల్లూ, ఆ కుండా దక్కుతాయి. కేసరాయే చిన్నకూతురు.

"అమ్మా, కుండేది?"

"అక్క వాళ్ళింటికి పంపాను." తల్లి అటు తిరిగి చెప్పింది. "నువ్వేమో చెయ్యి పెట్టవు, కట్టెతో కలుపుతావు. కుండ ఆకలి కట్టెకేం తెలుస్తుందే?"

అప్పుడే కుండ మూత కోసం అక్క బువాలై వచ్చింది.

"నాతో ఒక్క మాటైనా అనకుండానా అక్కా?"

"అంటే ఏడుస్తావు. మొగుడు వదిలేసి పోయిన దగ్గర్నుంచీ నీకన్నీ నొప్పులేగా! నీది మనసు జబ్బని డాక్టరే అన్నాడు."

"నాతో అలా అనలేదే!"

బువాలై నాలుక కరుచుకుని తల్లి వంక చూసింది.

"డాక్టరుకి నేనే చెప్పాను," అంది ఖంఫూన్. "నువ్వు బయట కూర్చున్నప్పుడు. వేలిలో ఏమీ లేదు, మొగుడి మీద బెంగ, నిద్రకి మందివ్వండని. నీ మంచికేనే!"

కేసరాకి ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. వేలు చూడకుండానే రాసిన బిళ్ళలు. పొద్దెక్కినా వదలని మత్తు. ఆ మత్తులో కలపడం మరిచిపోతే అలిగిన కుండ.

"ఆయన పోతూ, పోతున్నానని ముఖం మీదే చెప్పాడమ్మా," అంది. "నువ్వు పక్కన కూర్చుని అన్నం పెడుతూనే నా వెనక ఈ పని చేశావు."

ఆ రోజు నుంచి కేసరా నీలి జోలికి పోలేదు. తల్లికి వండిపెట్టేది, అంతే.

వేసవి వచ్చింది. ఓ పొద్దున కేసరా అన్నం బుట్ట అందిస్తుంటే తల్లి చూపు ఆ చేతి మీద ఆగిపోయింది. పాత రంగు పోయి గోళ్ళన్నీ లేత గులాబీగా మెరుస్తున్నాయి. ఒక్క ఉంగరపు వేలి గోరు కింద మాత్రం నువ్వుగింజంత నీలం.

"ఇదింకా పోలేదేమే?" అంటూ బొటనవేలితో రుద్దింది.

కేసరా కెవ్వుమంది. బుట్ట దొర్లిపోయింది. ముఖమంతా చెమట.

ఖంఫూన్ తన చేతులు చూసుకుంది. పదివేళ్ళకీ నీలమే. ఆ ఇంట్లో ఆడవాళ్ళందరి గోళ్ళూ అంతే. అందుకే ఈ ఒక్క నీలం ఎవరి కంటా పడలేదు.

కూతుర్ని పట్నంలో ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్ళింది. గది గుమ్మం దగ్గరే ఆగిపోయి, "నేను బయటుంటాను. దాని మాట దాన్నే చెప్పుకోనివ్వండి," అంది.

డాక్టరమ్మ గుండుసూది తలతో గోరంతా మెల్లగా తాకింది. నీలం చోట తగలగానే కేసరా చెయ్యి లాగేసుకుంది. పక్కన తాకితే ఏమీ లేదు. వేలికి రక్తం అందకుండా దండచేతికి రక్తపోటు పట్టీ బిగించి, ఆ నీలం మీదే మళ్ళీ తాకింది. ఈసారి నొప్పి లేదు.

గోరెత్తి, కింద నుంచి చిన్న గులాబీ పూసలాంటిది తీశారు. పరీక్ష ఫలితం వచ్చాక డాక్టరమ్మ ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"దీన్ని గ్లోమస్ కణితి అంటారు. చలికీ వేడికీ రక్తాన్ని సర్దే చిన్న ముడులు వేలి కొసల్లో అందరికీ ఉంటాయి. ఈమెకి అందులో ఒకటి పెరిగింది. అన్నీ ఒకే తీరు గుండ్రటి కణాలు, సన్నని రక్తనాళాల చుట్టూ గుంపు కట్టాయి. క్యాన్సర్ కాదు. కానీ ఇంత నొప్పి ఇన్నేళ్ళు ఎలా ఓర్చుకున్నావమ్మా?"

తల్లి వైపు కేసరా చూడలేదు. తల్లి నేల వైపు చూసింది.

గోరు మళ్ళీ వచ్చేసరికి చలికాలం తిరిగొచ్చింది. ఓ పొద్దున కేసరా కిందకి దిగితే కుండ తన చోటికి వచ్చి ఉంది. పక్కనే ఖంఫూన్, పొగలు కక్కే నీళ్ళ గిన్నె పట్టుకుని నిలబడింది.

"ఇప్పుడు నొప్పి లేదుగా అమ్మా. వేణ్ణీళ్ళెందుకు?"

"ఉన్నప్పుడు పెట్టలేదుగా తల్లీ."

ఖంఫూన్ నీలి వేళ్ళతో గిన్నె కింద పెట్టి, తనూ కూర్చుంది. కేసరా వచ్చి అమ్మ ఎదురుగా కూర్చుని, రెండు చేతులూ ఆ వేణ్ణీళ్ళలో పెట్టి, వెక్కి వెక్కి ఏడ్చింది.